కలివికోడి అడ్రస్ ఎవరికి చెప్పాలి?

పోయిన నెల మా కాలేజీ స్టాఫ్ రూంలో టీ తాగుతూ ఫోన్లోంచి ఒక మొక్క ఫోటో ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో ఎక్కిస్తున్నాను. వెనక నుంచి హిస్టరీ సార్ తొంగి చూశాడు. "ఏంది సార్, మన కొండల్లో ఏముందో అంతా తీసుకపోయి తెల్లోళ్ళ కంప్యూటర్లో పెడుతున్నావ్. ఇన్నాళ్ళూ వాళ్ళు ఎత్తుకపోయింది చాల్లేదా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ మాటలో కారం ఉంది. నేను నోరు తెరిచేలోపు బెల్లు కొట్టారు. ఆయన క్లాసుకు పోయాడు. నేను ఆ ఖాళీ పీరియడంతా ఆ మాటనే నములుతూ కూర్చున్నాను. ఆయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మిగతా సగానికే ఈ జవాబు.

నేను కడపలో ఇంటర్ పిల్లలకు బోటనీ చెబుతాను. ఆదివారం వస్తే బండి తీసుకుని సిద్ధవటం వైపు పోతాను. పెన్న దాటితే లంకమల కొండలు. నేనేమీ శాస్త్రవేత్తను కాను. చూసింది రాసుకుంటాను, ఫోటో తీస్తాను, తేదీ, చోటు పెట్టి నలుగురికీ కనపడేలా ఉంచుతాను. అంతే.

ముందు ఎత్తుకపోయిన సంగతే మాట్లాడదాం.

కలివికోడి గురించి మన జిల్లాలో కొత్తగా చెప్పేదేముంది. కలివి పొదల మధ్య పగలంతా దాక్కుని రాత్రి తిరిగే పిట్ట. ఇంగ్లీషు పేరు థామస్ జెర్డాన్ అనే సర్జన్ మీద పెట్టారు. 1848లో బ్లైత్ అనే జంతుశాస్త్రవేత్త దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. 1900లో అనంతపురం దగ్గర క్యాంప్‌బెల్ అనే ఆయన చూశాక ఇక ఎవరికీ కనపడలేదు. పుస్తకాల్లో అంతరించినట్టే రాసేశారు. 1986 జనవరిలో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఈ పల్లెల్లో దాని ఆచూకీ అడుగుతూ తిరుగుతుంటే, రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రిపూట లైటు వేసి ఒకదాన్ని పట్టుకున్నాడు. ఆ పిట్ట బతకలేదు గానీ, దానివల్ల 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. ఇదంతా మనం పిల్లలకు చెప్పే కథే.

ఆ కథలో ఒక తప్పుంది. 1900 తర్వాత 1986 దాకా దాన్ని ఎవరూ చూడలేదనే మాట నిజం కాదు. 1917లో కోలార్ బంగారు గనుల ప్రాంతంలో ఉన్న ఒక పశువైద్యుడికి దాని గుడ్డు దొరికింది. ఆ గుడ్డు ఆయన సేకరణతోపాటు ఓడెక్కి పోయి, చివరికి స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో తేలింది. తొంభై ఏళ్ళకు పైగా గడిచాక ఎవరో సొరుగు తెరిచి, లేబులు చదివి, అనుమానం వచ్చి, మ్యూజియంలో భద్రపరిచిన కలివికోడి చర్మంలోని డీఎన్ఏతో పోల్చి చూశారు. కలివికోడిదే. ప్రపంచంలో దాని గుడ్డని తెలిసింది అదొక్కటే.

అంటే ఇక్కడ మనవాళ్ళు ఆ పిట్టను పోయిందనుకుని వదిలేసిన ఏళ్ళన్నీ, అది 1917లో కోలార్ దాకా ఉందన్న సాక్ష్యం ఒక సొరుగులో దూదిలో పడుకుని ఉంది. ఎక్కడ వెతకాలో చెప్పే ఒక్క లైను అది. ఎత్తుకపోవడం ఎటూ జరిగిపోయింది, వెనక్కి తేలేం. నాకు కడుపు మండేది అది అక్కడుందని ఒక్క ముక్క ఎవరికీ అందకపోవడం చూసి. పాపం, దాచిపెట్టాలని ఎవరూ దాచలేదు. సొరుగు గలవాళ్ళకే తెలియదు అందులో ఏముందో.

హిస్టరీ సార్ చెప్పే తెల్లోళ్ళ కంప్యూటర్ ఈ సొరుగులు తెరవడానికే పుట్టింది. దాని పేరు గ్లోబల్ బయోడైవర్సిటీ ఇన్ఫర్మేషన్ ఫెసిలిటీ. అందరూ జీబిఫ్ అంటారు. 2001లో మొదలైంది, ఆఫీసు కోపెన్‌హాగన్‌లో. అది మ్యూజియం కాదు, సరుకు దగ్గర పెట్టుకోదు. ఏ మ్యూజియం, ఏ హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల్ని భద్రపరిచే చోటు), ఏ పక్షుల క్లబ్బు, నేను ఫోటోలు ఎక్కించేలాంటి ఏ యాప్ ఇచ్చిన లైన్లు వాళ్ళ పేరు మీదే ఉంటాయి. ఇది మాత్రం అన్నిటినీ ఒక చోట వెతుక్కునేలా కలుపుతుంది. ఫలానా జీవి, ఫలానా రోజు, ఫలానా చోట. అలాంటి లైన్లు 200 కోట్లు దాటి చాలా రోజులైంది. బ్రిటిష్ కాలం నాటి అటవీ అధికారి బెడ్డోమ్ దొర మన కడప కొండల్లో సేకరించిన మొక్కల సంగతులు చూడాలంటే ఒకప్పుడు లండన్ పోవాలి. ఇప్పుడు నేను నాగరాజుపేటలో టీ కొట్టు ముందు నిలబడి చూస్తున్నాను. ఎత్తుకపోయిన దాంట్లో మనకు తిరిగి వచ్చింది ఏదైనా ఉంటే, ఇదే.

కలపడం అంటే అనుకున్నంత సులువు కాదు. ఇది నాకు చాలా ఇష్టమైన తలనొప్పి, కాసేపు ఓపిక పట్టండి.

కలివికోడినే తీసుకోండి. బ్లైత్ పెట్టిన పేరు మాక్రోటార్సియస్ బైటార్క్వేటస్. తర్వాత దాన్ని కర్సోరియస్ అన్నారు, రైనోప్టిలస్ అన్నారు. ఒకే పిట్ట, మూడు ఇంటిపేర్లు. కంప్యూటర్‌కు ఎవరూ చెప్పకపోతే మూడు పిట్టలనుకుంటుంది. ఊళ్ళ పేర్లు ఇంకా అన్యాయం. పాత లేబుళ్ళ మీద మన ఊరి స్పెల్లింగు ఒకటి, ఇప్పుడు బోర్డుల మీద రాసేది ఇంకొకటి, జిల్లాకు వైఎస్సార్ పేరు వచ్చాక మూడోది. సిద్ధవటాన్ని సిధౌట్ చేసి పెట్టారు. అనంతపురం జిల్లా పుట్టిందే 1882లో, బళ్ళారి నుంచి విడదీసి. కాబట్టి 1870ల నాటి లేబులు మీద బళ్ళారి అని ఉంటే అది గుత్తి కావచ్చు, తాడిపత్రి కావచ్చు. మదనపల్లె 1911 దాకా కడప జిల్లాలోదే. 2022లో జిల్లాలు మళ్ళీ చీలాక బట్టమేక పిట్టల అభయారణ్యం రోళ్ళపాడు కర్నూలు నుంచి నంద్యాలకు పోయింది. బట్టమేక పిట్ట మాత్రం ఎక్కడికీ పోలేదు. మాటవరసకు అన్నాను లెండి, నిజానికి రోళ్ళపాడులో అది కనపడటమే గగనమైపోయింది.

ఈ చిక్కు విప్పడానికి డార్విన్ కోర్ అని ఒక పద్ధతి పెట్టుకున్నారు. 2009లో ఖాయం చేశారు. మన రెవెన్యూ అడంగల్లాగా ఏ గడిలో ఏం రాయాలో ముందే చెప్పిన పట్టీ అనుకోండి. శాస్త్రీయ నామానికి ఒక గడి, తేదీకి ఒకటి, అక్షాంశ రేఖాంశాలకు రెండు. చోటు ఎన్ని మీటర్లు అటూ ఇటూ ఉండొచ్చో చెప్పే గడి కూడా ఉంది. లేబులు మీద ఊరి పేరు ఎట్లా ఉందో అట్లాగే, తప్పులతో సహా దించే గడి ఇంకొకటి. ఇది ఎంత మంచి ఆలోచనో పాత దస్తావేజులు చదివినవాళ్ళకు తెలుస్తుంది. సరిచేసినది పక్కన పెట్టు, అసలుది చెరపకు. స్థానిక నామానికి గడి ఉంది. ఎవరు చూశారో రాసే గడీ ఉంది. ఈ చివరి రెండింటి గురించి మళ్ళీ చెబుతాను.

ఇక మన సొరుగుల సంగతి. తెల్లోళ్ళను అనే ముందు ఇది ఒప్పుకోవాలి.

డిగ్రీలో నేను చదివిన కాలేజీలో బోటనీ ల్యాబు వెనక ఒక చెక్క బీరువా ఉండేది. సీనియర్లు, వాళ్ళ సీనియర్లు చేసిన హెర్బేరియం షీట్లు అందులో కట్టలు కట్టలుగా ఉండేవి. ఒక రోజు మేడం తాళం తీయించి దుమ్ము దులపమంది. పై కట్ట విప్పితే షీటు మధ్యలో మట్టి గీత. చెదలు. మొక్క ఉండాల్సిన చోట మొక్క ఆకారంలోనే కంత. జిగురు రాసిన చోటల్లా తినేశాయి. మెర్క్యురిక్ క్లోరైడ్ పూయాల్సింది, ఎవరూ పూయలేదు. కుడివైపు కింద మూలలో లేబులు మాత్రం మిగిలింది, నీలం ఇంకుతో, గుండ్రటి చేతిరాత. పాలకొండలు, వాగు ఒడ్డు, తేదీ, సేకరించినవాడి పేరు. మొక్క పేరు ఉండే గీత మీద కూడా సగం పోయింది. ఏ మొక్కో తెలియదు, ఎక్కడిదో మాత్రం తెలుసు. ఆ కట్టలన్నీ ఆ సాయంత్రం గ్రౌండులో కాల్చేశారు. నేనే అగ్గిపెట్టె తెచ్చిచ్చాను.

అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం హెర్బేరియం ఉంది. పుల్లయ్య గారూ, ఆయన శిష్యులూ రాయలసీమ జిల్లాల మొక్కల్ని ఊరూరా తిరిగి నమోదు చేశారు. ఆ శ్రమ లేకపోతే మాలాంటోళ్ళకు మొక్క పేరు కనుక్కునే దారే లేదు. అన్ని చోట్లా అలాంటివాళ్ళు లేరు. మా బీరువా లేబుళ్ళను ఎవరైనా కనీసం ఒక నోట్‌బుక్కులో ఎక్కించి, ఇంకో చోట ఒక నకలు ఉంచి ఉంటే చెదలకు మొక్కలే దక్కేవి, సమాచారం దక్కేది కాదు. పంచుకోవడం అంటే నా దృష్టిలో దానధర్మం కాదు, నకలు దాచుకోవడం.

సరే, హిస్టరీ సార్ చెప్పిన సగం నిజం దగ్గరికి వస్తాను. గుత్తి సాలీడు.

1899లో పోకాక్ అనే ఆయన ఒక సాలీడును వర్ణించాడు. గుత్తిలో రైల్వే కట్టెల డిపోలో దొరికిన ఒకే ఒక్క నమూనా. అరచెయ్యంత, నెమలి కంఠం రంగు నీలం, కాళ్ళ మీద పసుపు మచ్చలు. పొయెసిలోథేరియా మెటాలికా. తర్వాత వందేళ్ళు దాని మాటే లేదు. అసలు అది గుత్తిదే కాదు, కలప బండిలో ఎక్కి దిగి ఉంటుందని అంటారు. లేబులు అబద్ధం చెప్పలేదు, కానీ మ్యాపు మీద చుక్క పడాల్సిన చోట పడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో మళ్ళీ కనపడింది. వంద చదరపు కిలోమీటర్లు కూడా లేని చోట. అక్కడి పాత చెట్ల తొర్రల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదని అప్పటి లెక్క.

ఇప్పుడు దాన్ని చూడాలంటే నల్లమలకు పోనక్కర్లేదు. యూరప్‌లో, అమెరికాలో పెంపుడు సాలీళ్ళ దుకాణాల్లో గాజు డబ్బాల్లో అమ్ముతారు. ఇంగ్లీషులో దాని పేరు గుత్తి సఫైర్. మన ఊరి పేరు పెట్టుకుని ఎక్కడెక్కడో కాపురం చేస్తోంది. ఇక్కడి అడవిలో అది తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతి.

కాబట్టి చుక్క మ్యాపు మీద పెడితే దొంగకు దారి చూపినట్టే అనే వాదన గాలి వాదన కాదు. ఎర్రచందనం చెట్టు ఎక్కడుందో మీటర్ల లెక్కన రాసిపెట్టేవాణ్ణి శేషాచలం చుట్టుపక్కల ఎవరూ క్షమించరు. అక్కడే పెరిగే పెరిత అనే సైకాస్ మొక్క సంగతీ అంతే. దాని మగ పువ్వు గుబ్బలు కోసుకుపోయి మందుల కోసం అమ్ముతారు. ఇవన్నీ తెలిసీ అంతా తెరిచి పెట్టండి అని నేను చెప్పడం లేదు.

అయితే దాచేస్తే బతుకుతాయా? దీనికి కూడా మన లంకమలే సాక్ష్యం. కలివికోడి తిరిగే పొదల్లోంచి తెలుగుగంగ కాలువ తవ్వడం మొదలైంది. అప్పటికే పరిశోధకులు మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లారి వాటి మీద కాలి ముద్రలు వెతికి, ఈ పిట్ట ఎక్కడెక్కడ నడుస్తోందో గుర్తించి ఉన్నారు. ఆ మూడు వేళ్ళ ముద్రలే కాలువ దారి మళ్ళించాయి. పిట్టను చూసినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మట్టి మీద ముద్ర, తేదీ, చోటు. అదే లేకపోతే కాలువ పనివాళ్ళకు అది ఉత్త కంప.

మన సీమలో ఇదే అసలు సమస్య. రెవెన్యూ రికార్డులో బంజరు అనో పోరంబోకు అనో ఉంటుంది. అక్కడ ఏం పండదో రాస్తారు గానీ ఏం బతుకుతోందో రాయడానికి గడి లేదు. గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. కరెంటు కావాలి, కాదనను. మా ఇంట్లోనూ ఏసీ ఉంది. కానీ గడ్డి మైదానం, రాళ్ళ గుట్ట, ముళ్ళ కంప మన దగ్గర ఎప్పుడూ ఖాళీ జాగా కిందే లెక్క. ప్రపంచ మ్యాపులో కూడా చుక్క లేకపోతే ఆ ఖాళీకి ఇంకో ముద్ర పడినట్టే. చుక్క లేదంటే జీవి లేదని కాదు, చూసినవాడు రాయలేదని. ఆఫీసులో కూర్చుని మ్యాపు చూసేవాడికి ఆ తేడా తెలియదు.

ఒకసారి ఆ మ్యాపు తెరిచి దక్షిణ భారతం మీద చూడండి. బెంగుళూరు చుట్టూ చుక్కలు ఇసక వేస్తే రాలనంత. హైవే పట్టుకుని కొంత దూరం వస్తాయి. మన వైపు వచ్చేసరికి పలచబడిపోతాయి. ఉన్నవాటిలో ఎక్కువ పక్షులవే, ఎందుకంటే బైనాక్యులర్స్ ఉన్నవాళ్ళు చూసేది పక్షులను. ప్రపంచం మొత్తం మీద కూడా అంతే, జీబిఫ్‌లో సగానికి పైగా పక్షులే. అయినా ఆ పక్షుల లెక్కలతో ఏం చేయొచ్చో మనవాళ్ళు చేసి చూపించారు. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదికలో 942 జాతులు బాగున్నాయా తగ్గుతున్నాయా చూశారు. 30,000 మందికి పైగా మామూలు మనుషులు ఈబర్డ్ అనే పక్షుల నమోదు వెబ్‌సైటులో ఎక్కించిన 3 కోట్ల నమోదులే దానికి ఆధారం. అందులో రిటైరైన పోస్ట్‌మాస్టర్లు ఉంటారు, ఇంజినీరింగ్ పిల్లలు ఉంటారు. 2025 ఆగస్టులో కడప జిల్లాలో రాత్రిపూట కలివికోడి పిలుపు మళ్ళీ రికార్డు చేశారన్న వార్త చదివి నేను ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. 2000ల మొదట్లో లంకమలలో తిరిగినవాళ్ళు ఆ పిలుపు ఎట్లుంటుందో రికార్డు చేసి పెట్టబట్టే కదా, ఇన్నేళ్ళ తర్వాత చీకట్లో విన్నది అదేనని గుర్తుపట్టగలిగారు.

ప్రభుత్వం వైపు నుంచి ఏమీ జరగలేదని కాదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో కమిటీ ఉండాలి, ఊళ్ళో ఉన్న జీవజాతుల రిజిస్టరు రాయాలి. ఏళ్ళ తరబడి కదల్లేదు. 2020 జనవరి ఆఖరుకల్లా పూర్తి చేయకపోతే రాష్ట్రానికి నెలకు 10 లక్షలు కట్టాలని గ్రీన్ ట్రిబ్యునల్ అన్నాక కదిలింది. ఎట్లా కదిలిందో ఒక పంచాయతీ రిజిస్టరు చూస్తే తెలిసింది. వేరుశనగ, కంది, చింత, వేప సరే. తర్వాత పేజీలో మడ చెట్లు! సముద్రం ఇక్కడికి ఎంత దూరమో ఎవరైనా చెప్పండి. ఏ కోస్తా ఊరిదో కాపీ కొట్టారు. ఆ ఊళ్ళో గొర్రెలు కాసే ముసలామె దగ్గర పది నిమిషాలు కూర్చుంటే ముప్ఫై మొక్కల పేర్లు చెబుతుంది, ఏది తింటే గొర్రె కడుపు ఉబ్బుతుందో కూడా చెబుతుంది. ఆమెను ఎవరూ అడగలేదు.

అందుకే నేను చెప్పేది ఇది. పంచుకుందాం, కానీ మన షరతుల మీద. చోటు మసక చేసే హక్కు మనకుండాలి. స్థానిక నామం గడి ఖాళీగా పోకూడదు, ఎందుకంటే పొద పేరే పిట్టకు పెట్టినవాడికి అది ఎక్కడ ఉంటుందో తెలుసు. అన్నిటికన్నా, ఎవరు చూశారన్న గడిలో చూసినవాడి పేరే పడాలి. పిట్టకు జెర్డాన్ పేరు ఉంది. ఐతన్న పేరు కథ తెలిసినవాళ్ళు చెప్పుకుంటేనే ఉంటుంది. ఈ షరతులు నేను కొత్తగా అడుగుతున్నవి కావు, ఆ పట్టీలో గడులు ఇప్పటికే ఉన్నాయి. నింపడం లేదు, అంతే.

ఇది రాయడానికి అసలు కారణం ఇంకొకటి ఉంది. సెప్టెంబరు వానలు పడ్డాక ఒక ఆదివారం, ఏ ఊరు పక్కనో చెప్పను, గొర్రెల మామ ఒకాయన చెయ్యూపి పిలిచాడు. "అయ్యోరూ, ఇట్లా రా, ఒకటి చూపిస్తా." కంప కొమ్మ కర్రతో ఎత్తి పట్టుకున్నాడు. కింద తడి మట్టిలో నక్షత్ర తాబేలు, గుప్పెడంత. డిప్ప మీద పసుపు గీతలు, గీతల సందుల్లో ఎర్రమట్టి. మెడ లోపలికి లాక్కుని ఒక కన్ను మాత్రం బయట పెట్టింది.

"మెట్ట తాంబేలు. ఎవురికీ చెప్పొద్దు అయ్యోరూ. ఆ నడుమ కారేసుకోని ఇద్దరొచ్చినారు. కనపడితే ఫోన్ చెయ్యి, డబ్బులిస్తామన్యారు. నేను లేవంటి."

నేను అప్పటికే నాలుగు ఫోటోలు తీసేశాను. ఆయన ఫోను వైపు చూశాడు. "మడి ఇది యాడికి పోతాది?"

కింద కూర్చుని పుల్లతో మట్టి మీద గీసి చెప్పాను. ఇట్లాంటి ప్రమాదంలో ఉన్న జీవి అయితే యాప్ దానంతట అదే చోటు మసక చేస్తుంది. ఇంత పెద్ద గడి గీసి, అందులో ఎక్కడో ఒక చోట చుక్క పెడుతుంది. గడి అటు 22 కిలోమీటర్లు, ఇటు దాదాపు 22. ఈబర్డ్‌లోనైనా ఇట్లాంటి పిట్టల చోటు పైకి చూపించరు. లంకమల అభయారణ్యం మొత్తం 464 చదరపు కిలోమీటర్లు, ఈ గడి ఒక్కటే దానికంటే కాస్త పెద్దది. ఆయన ఒక నిమిషం గడిని చూశాడు.

"అంటే ఈడ్నుంచి కడప దాకా ఎంతో అంత. అటూ అంతే, ఇటూ అంతే."

"దాదాపు అంతే మామా."

"అయితే ఎతుక్కోనీలే." కొమ్మ మెల్లగా కిందికి వదిలాడు.

ఎవరు చూశారని అడుగుతుంది, నీ పేరు రాయనా అన్నాను. ఊరు వద్దన్నాడు, పేరు రాయమన్నాడు. రాత్రి ఇంట్లో కూర్చుని ఎక్కిస్తే, అకౌంటు నాది కాబట్టి ఆ గడిలో నా పేరే పడింది. ఆయన పేరు కింద నోట్సులో పెట్టాను. మరుసటి ఆదివారం ఫోన్లో చూపిస్తే, చదవడం రాకపోయినా అక్షరాల మీద వేలు పెట్టి, "ఇంటిపేరు యాడ?" అన్నాడు. లేదన్నాను. నడుముకు కట్టిన సంచిలోంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఆధార్ కార్డు తీసి చేతికిచ్చాడు. "ఇందులో ఎట్లుందో అట్లా రాయి."